మిరప పూత ఎందుకు రాలుతుంది?

విజయవాడలో ఒక రెండంతస్తుల మేడ. డాబా మీద పిట్టగోడ వెంట వరుసగా పదకొండు మట్టికుండీలు. రైల్వే లెక్కల విభాగంలో ముప్ఫయి మూడేళ్లు పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక పెద్దమనిషి, సంక్రాంతి వెళ్లిన వారంలో, వంటింటి డబ్బాలోని ఎండుమిరపకాయల నుంచి గింజలు తీసి నారు పోశారు. మార్చి మొదటివారంలో నారును కుండీలలోకి మార్చారు. ఏప్రిల్ నెలాఖరుకు మొక్కలు మోకాలెత్తు పెరిగి కొమ్మకొమ్మకూ తెల్లని పూత తొడిగాయి. ఇంటిల్లిపాదీ వచ్చి చూసి సంతోషించారు.

మే రెండవ వారం నుంచి ఆ పూత రాలటం మొదలుపెట్టింది. ఉదయం చీపురు పట్టుకుని వెళ్లేసరికి డాబా మీద తొడిమలతో సహా పూలు. లెక్కలలో జీవితం గడిపిన మనిషి కనుక ఆయన వాటినీ లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఒకనాడు 26, మరునాడు 41. పది రోజులు గడిచినా ఒక్క పిందె నిలవలేదు.

సలహాలకు కొరత లేకపోయింది. పులిసిన మజ్జిగలో ఇంగువ కలిపి చల్లమని ఎదురింటివారు చెప్పారు. కోడిగుడ్డు పెంకులు పొడిచేసి మొదట్లో వేయమన్నారు మరొకరు. కూరగాయల బండి తోలుకొచ్చే మనిషి మాత్రం ఒక్కమాటలో తేల్చివేశాడు: "పురుగు పట్టిందండీ, మందు కొట్టండి." ఆ మాట ఆయన మనసుకు పట్టింది. సాయంత్రానికల్లా పురుగుమందుల దుకాణం నుంచి వంద మిల్లీలీటర్ల సీసా ఒకటి తెచ్చి డాబా మీదికి వచ్చారు. అక్కడ వడియాలు తీస్తున్న కోడలు సీసా వంక చూసి, "ఇది ఏ పురుగుకి మామయ్యగారూ?" అని అడిగింది.

"పూత రాలుస్తున్న పురుగుకి అమ్మాయ్."

"ఆ పురుగును మీరు చూశారా?"

ఆయన చూడలేదు. దుకాణదారు అడగనూ లేదు. ఆ సాయంత్రం సీసా మూత విప్పకుండానే మెట్లు దిగింది.

పెరట్లోనో డాబా మీదనో మిరప పెంచేవారిలో చాలామంది ఏదో ఒక వేసవిలో సరిగ్గా ఈ మెట్ల మీదనే నిలబడతారు. పూత రాలటం ఒక లక్షణం మాత్రమే. జ్వరానికి వంద కారణాలున్నట్లే దీనికీ అనేక కారణాలున్నాయి. వాటిలో పురుగు ఒకటి. మే నెలలో అయితే అది చాలా తరచుగా చివరి కారణం.

మిరప ఈ దేశపు మొక్క కాదు. అది అమెరికా ఖండాలలో పుట్టింది. 1498లో కళ్లికోటకు సముద్రమార్గం కనుగొన్న పోర్చుగీసువారు ఆ తరువాతి దశాబ్దాలలో దానిని మన తీరానికి తెచ్చారు. అంతకు ముందు మన వంటకు కారమంటే మిరియమే. మిరప అన్న పేరు కూడా దాని నుంచి వచ్చినదే. వచ్చి అయిదు శతాబ్దాలు కావస్తున్నా, గుంటూరు ఎండలో ఎర్రగా ఎండటం నేర్చుకున్నా, పూత విషయంలో ఈ మొక్క తన పుట్టింటి అలవాటు మానలేదు. పగలు వెచ్చగా, రాత్రి చల్లగా ఉంటేనే దాని పువ్వు పిందెగా మారుతుంది. పగటి ఉష్ణోగ్రత 32 నుంచి 35 డిగ్రీలు దాటినప్పుడు, రాత్రి ఉష్ణోగ్రత 24 డిగ్రీలకు దిగనప్పుడు పూత నిలవటం కష్టం. రాత్రి 13, 14 డిగ్రీలకన్న పడిపోయినా అంతే.

ఈ రెండింటిలోనూ రాత్రి మాటే ముఖ్యం, దానినే ఎవరూ పట్టించుకోరు. పగటి ఎండను చూసి మొక్కకు గొడుగు పట్టేవారు చాలామందే ఉంటారు. రాత్రి పదింటికి డాబా మీద చెప్పులు లేకుండా నడిచి చూసేవారు తక్కువ. పగలంతా ఎండను తాగిన సిమెంటు నేల తెల్లవారుజాము దాకా ఆ వేడిని వదులుతూనే ఉంటుంది. విజయవాడవంటి ఊళ్లో మే నెల రాత్రులు అసలే 28 డిగ్రీల చుట్టుపక్కల తిరుగుతాయి. డాబా నేలకు ఆనించిన కుండీలో అది ఇంకా ఎక్కువ. ఇంటి వెనుక మట్టినేలలో, జామచెట్టు పక్కన ఉన్న మొక్కకు నాలుగు పిందెలు నిలిచి, డాబా మీది దాని తోబుట్టువుకు ఒక్కటీ నిలవకపోవటంలోని రహస్యమిదే.

మొక్క పువ్వును వదిలివేసే పద్ధతి తెలుసుకోదగినది. పువ్వు ఆరోగ్యంగా ఉన్నంతకాలం దాని నుంచి ఆక్సిన్ అనే పదార్థం తొడిమ గుండా కిందికి ప్రవహిస్తూ ఉంటుంది. ఫలదీకరణ జరగకపోతే ఆ ప్రవాహం తగ్గుతుంది, ఎథిలీన్ అనే వాయువు పెరుగుతుంది. అప్పుడు తొడిమ కొమ్మను కలిసే చోట ఒక పలుచని కణాల పొర మెత్తబడి విడిపోతుంది. అందుకే రాలిన పువ్వు తొడిమ కొస కత్తితో కోసినట్లు నున్నగా ఉంటుంది. దానిలో చిరుగు కాని, కొరికిన గుర్తు కాని కనిపించదు. తొడిమ ముందుగా పసుపుపచ్చబడి, ఆ తరువాత పువ్వు రాలితే అది మొక్క తానై వదిలినదని గ్రహించవచ్చు.

మరి ఫలదీకరణ ఎందుకు జరగలేదు? పుప్పొడి చచ్చిపోయినందువల్ల. అది చచ్చినది ఈ రోజు కాదు. పువ్వు విచ్చుకోవటానికి సుమారు రెండు వారాల ముందు, అది ఆవగింజంత మొగ్గగా ఉన్నప్పుడే దానిలో పుప్పొడి తయారవుతుంది. వేడికి అత్యంత సున్నితమైన దశలలో అదొకటి. కనుక నేడు రాలిన పువ్వు రెండు వారాల కిందటి వడగాలికి జవాబు చెబుతున్నదన్నమాట. నిన్న రాత్రి వాన పడి ఊరు చల్లబడినా నేడు పూత రాలటం ఆగదు. చాలామంది తొందరపడేది ఇక్కడే. ఒక మందు చల్లుతారు, ఆగదు. రెండవది చల్లుతారు, అదీ పనిచేయదు. మూడవది చల్లే వేళకు రెండు వారాలు గడిచి, వాతావరణం మారి, పిందెలు నిలుస్తాయి. ఆ ఘనత మూడవ సీసాకు దక్కుతుంది. మరుసటి ఏడాది ఆ సీసా వీధివీధంతా ప్రచారమవుతుంది.

కాబట్టి వేసవి పూతకు చేయవలసిన చికిత్స చాలా సాదా అయినది. కుండీలను సిమెంటు నేల మీద నుంచి లేపి ఇటుకల మీదనో, చెక్క పీట మీదనో పెట్టాలి. కుండీలను దగ్గరదగ్గరగా చేర్చి, నేల మీద సాయంత్రం నీళ్లు చిలకరించాలి. మధ్యాహ్నం పన్నెండు దాటిన తరువాత నీడ పడే చోటికి మార్చాలి, లేదా పాత నూలు చీర ఒకటి పందిరిగా కట్టాలి. అయితే రోజంతా నీడ పనికిరాదు. వెలుతురు చాలని మొక్క కూడా పూత రాలుస్తుంది. ఉదయపుటెండ ఆరు గంటలపాటు తప్పక తగలాలి. మొదట్లో ఎండుటాకులు రెండంగుళాల మందాన పరిస్తే వేళ్లు చల్లగా ఉంటాయి. తరువాత వేచి ఉండాలి. మొక్క పచ్చగా ఉన్నంతవరకు భయపడవలసిన పని లేదు. అది మళ్లీ పూస్తుంది.

ఈ వేచి ఉండటం ఊరిని బట్టి మారుతుంది. బెంగళూరులో ఏడాదిలో ఎక్కువకాలం మిరపకు అనుకూలమే. నాగపూరు, భిలాయి ప్రాంతాల తెలుగువారు వానలు పడేదాకా పూత మీద ఆశ పెట్టుకోకపోవటం మేలు. ఢిల్లీలో రెండు ప్రమాదాలూ ఉన్నాయి: మే, జూన్ నెలల వడగాడ్పు ఒకటి, డిసెంబరు, జనవరి రాత్రుల చలి ఇంకొకటి. దుబాయివంటి చోట్ల బాల్కనీలలో పెంచేవారికి అక్టోబరు నుంచి మార్చి వరకే అసలు కాలం. ఆంధ్ర, తెలంగాణ రైతులు జులై, ఆగస్టు నెలల్లో నారు పోసి చలికాలపు తొలిరోజులకు పూతకు వచ్చేటట్లు చూసుకోవటం ఊరక ఏర్పడిన ఆచారం కాదు. పెద్దమనిషి జనవరిలో పోసిన నారు సరిగ్గా మండు వేసవికి పూతకు వచ్చింది. ఆయన చేసిన పొరపాటు ఏదైనా ఉంటే అదొక్కటే.

వేడి లేని రోజుల్లోనూ పూత రాలితే తరువాత చూడవలసినది నీరు. తడి మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా మిరప చేసే పని ఒక్కటే. చూపుడువేలిని రెండవ కణుపు దాకా మట్టిలోకి దించి, పొడిగా తగిలినప్పుడు కుండీ అడుగు రంధ్రం నుంచి నీరు కారేదాకా పోయాలి. రోజూ చెంబెడు లెక్కన పోయటం వల్ల పైమట్టి తడిసి, అడుగు వేళ్లు ఎండుతాయి. చెంబులు పెంచి పళ్లెంలో నీరు నిలవనిస్తే వేళ్లు కుళ్లుతాయి. పన్నెండంగుళాల కన్న చిన్న కుండీలో వేసవి మధ్యాహ్నానికే మట్టి ఎండిపోతుంది. ఒకరోజు ఎండబెట్టి మరునాడు ముంచెత్తేవారి మొక్కలకు కాయ కొస నల్లబడి తోలులా అణగిపోవటం కూడా కనిపిస్తుంది. కోడిగుడ్డు పెంకులు వేయమని చెప్పేది దీనికే. కాయకు సున్నపు ధాతువు అందకపోవటమే ఆ నల్లమచ్చకు కారణమన్నది నిజమే. కాని మట్టిలో అది లేక కాదు, నీరు సరిగా నడవక దానిని పైకి మోయలేకపోవటం వల్ల. పెంకు కరిగి మొక్కకు అందేందుకు నెలలు పడుతుంది, ఆ లోపల పంటకాలం గడిచిపోతుంది.

ఎరువు విషయంలో ప్రేమ ఎక్కువైతే ముప్పు. యూరియా గుప్పెడు వేసిన మొక్క ముదురాకుపచ్చగా, ఏపుగా, చూడముచ్చటగా పెరుగుతుంది. ఆకు పెంచటంలో పడి పూతను మరచిపోతుంది. పైగా ఆ లేత ఆకు పురుగులకు విందు. పూత మొదలైన తరువాత నెలకొకసారి రెండు గుప్పిళ్ల చివికిన పశువుల ఎరువు, చిటికెడు కట్టెల బూడిద చాలు.

మూసివున్న వరండాలలో మరొక చిక్కు ఉన్నది. మిరప పువ్వు తనకు తానే ఫలదీకరణ చేసుకోగలదు, కాని పుప్పొడి కదలటానికి గాలి కాని, తేనెటీగ కాని కావాలి. రెండూ రాని చోట ఉదయం ఎనిమిది నుంచి పది గంటల మధ్య పూల కొమ్మను వేలితో రెండుసార్లు మెల్లగా తట్టితే సరిపోతుంది. బిడ్డలకు ఇష్టమైన పని.

మరొక కారణం చెబితే చాలామంది నమ్మరు. కాయలు నిండుగా ఉన్న మొక్క కొత్త పూతను తానే రాల్చుకుంటుంది. ఎదుగుతున్న కాయలు ఆహారమంతా లాక్కుంటాయి, తరువాతి పూలకు మిగలదు. మొదటి కాపు పండి ఎర్రబడేదాకా చూసి మురుసుకునేవారి మొక్కలు నడుమ మూడు, నాలుగు వారాలు వట్టిపోవటానికి కారణమిదే. పచ్చిగానే కోస్తూ ఉంటే పూత తెరిపి లేకుండా నిలుస్తుంది. ఏమైనా, పూసిన ప్రతి పువ్వూ కాయ కావాలని ఆశించటం అత్యాశ. ఆరోగ్యవంతమైన మిరప కూడా తన పూతలో పెద్దభాగాన్ని వదులుకుంటుంది.

ఇవన్నీ చూసిన తరువాతనే పురుగు మాట. దాని పరీక్షకు కావలసిన పరికరాలు ఒక తెల్ల కాగితం, ఒక భూతద్దం. విచ్చుకున్న పువ్వును కాగితం మీద వంచి గట్టిగా తట్టాలి. దారపు తునకల్లాంటివి, మిల్లీమీటరు పొడవున, నల్లగానో లేత పసుపుగానో పరుగెత్తితే అవి తామర పురుగులు. ఏమీ కదలకపోతే పువ్వులో పురుగు లేదు. పెద్దమనిషి మే నెలలో కోడలి మాట మీద ముప్ఫయి పూలు తట్టి చూశారు. కాగితం మీద పుప్పొడి రాలింది, అంతే.

తరువాత ఆకులు చూడాలి. ఇక్కడ మన భాష కొంత ఇబ్బంది పెడుతుంది. ఆకు ముడుచుకుంటే ముడత అనీ, బొబ్బర అనీ అనటం వాడుక. ఆ పేరు కింద కనీసం మూడు వేరువేరు జబ్బులు దాగి ఉన్నాయి. ఆకు అంచులు పైకి లేచి దోనె ఆకారంలో ముడుచుకుంటే తామర పురుగుల పని. దీనిని పైముడత అంటారు. అంచులు కిందికి వంగి, బోర్లించిన దోనెలా అయి, ఆకు కాడ ఎలుకతోకలా సన్నగా సాగితే అది నల్లి, అనగా సాలీడు జాతికి చెందిన ఒక సూక్ష్మజీవి. దీనిది కిందిముడత. భూతద్దం లేకుండా నల్లి కనపడదు. ఆకులు చిన్నవై, ఉబ్బెత్తులు తేలి, ఈనెలు మందమై, మొక్క మొత్తం గిడసబారితే అది తెల్లదోమ మోసుకువచ్చిన వైరస్. మొదటి రెండింటికి చికిత్స ఉన్నది. మూడవదానికి లేదు. ఆ మొక్కను పెరికి పారవేయటమే మిగిలిన మొక్కలకు చేయగల మేలు.

ఈ తేడా తెలియకపోతే నష్టం ఎంతటిదో 2021లో తెలుగునేల చూసింది. ఆగ్నేయాసియాకు చెందిన ఒక నల్ల తామర పురుగును మన దేశంలో మొదటిసారి 2015లో, బెంగళూరు వద్ద బొప్పాయి మీద గుర్తించారు. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు త్రిప్స్ పార్విస్పైనస్. ఆరేళ్ల తరువాత అది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మిరప చేల మీద విరుచుకుపడి, పొరుగు రాష్ట్రాలకూ పాకింది. మన రైతు ఎరిగిన పాత తామర పురుగు ఎక్కువగా లేత ఆకుల అడుగున ఉంటుంది. కొత్తది పువ్వులోనే కాపురం పెడుతుంది. ఒక్కొక్క పువ్వులో పదుల సంఖ్యలో చేరి పుప్పొడిని, లేత పిందెను గీకి రసం పీలుస్తుంది. పూత జలజల రాలిపోతుంది. నిలిచిన కాయ వంకరపోతుంది.

గుంటూరు, ఖమ్మం, వరంగల్లు ప్రాంతాలలో ఎకరాకు లక్షలు ఖర్చుపెట్టిన రైతులు మందు మీద మందు చల్లి, ఫలితం లేక చేలు దున్నివేశారు. కొన్ని చోట్ల దీనిని కూడా నల్లి అనే పిలిచారు. పేరు ఒకటైనంత మాత్రాన మందు ఒకటి కాదు. నల్లిని చంపే మందు తామర పురుగును ఏమీ చేయకపోవచ్చు. అంతకన్న ప్రమాదకరమైన సంగతి మరొకటి ఉన్నది. పైరెత్రాయిడ్ల వంటి కొన్ని మందులు విచక్షణ లేకుండా చల్లినప్పుడు, తామర పురుగును తినే మేలుచేసే పురుగులు ముందు చనిపోతాయి. పువ్వు లోపల దాగిన శత్రువుకు పెద్దగా దెబ్బ తగలదు. అడ్డు లేకపోవటంతో అది ముందుకన్న ఎక్కువై తిరిగి వస్తుంది. నత్రజని ఎరువులు తగ్గించమనీ, నీలిరంగు జిగురు అట్టలు పెట్టమనీ, మందులను అదుపులో ఉంచమనీ శాస్త్రజ్ఞులు ఆ రోజుల్లో చేసిన సూచనలు చాలామందికి అప్పటికి చిన్నవిగా కనిపించాయి. అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టిన మనిషికి, కళ్లెదుట పూత రాలుతుంటే, అట్టముక్క ఊరట కలిగించదు. రైతు తొందరను అర్థం చేసుకోవచ్చు. పదకొండు కుండీల యజమానికి ఆ తొందర అవసరం లేదు.

ఇక సీసా సంగతి. మన దేశంలో అమ్మే పురుగుమందు చీటీ మీద, 1971 నాటి నిబంధనల ప్రకారం, రంగుల త్రికోణం ఒకటి ఉంటుంది. ఎరుపు అత్యంత విషం, పసుపు తీవ్రమైన విషం, నీలం మధ్యరకం, ఆకుపచ్చ అన్నిటికన్న తక్కువ. కోడలు సీసా తిప్పి చూపించిన త్రికోణం పసుపుపచ్చది. మందు చల్లిన తరువాత ఎన్ని రోజులదాకా కాయ కోయరాదో కూడా అక్కడే రాసి ఉన్నది, కళ్లజోడు ఉన్నవారికి కూడా అందనంత చిన్న అక్షరాలలో. పొలంలో పంట ఒకేసారి కోస్తారు, లేదా వారాల ఎడం ఇస్తారు. ఇంటి మొక్క నుంచి కూర తాలింపుకు రోజూ నాలుగు కాయలు తుంచుకుంటారు. ఆ గడువును పాటించే ఇల్లు చాలా అరుదు.

లెక్క కూడా చూడాలి. లీటరు నీటికి రెండు మిల్లీలీటర్లు కలపమని చీటీ చెబుతున్నది. పదకొండు కుండీలకు ఒక లీటరు ద్రావణం ఎక్కువే. అనగా రెండు మిల్లీలీటర్లు వాడి, తొంభై ఎనిమిది మిల్లీలీటర్ల విషాన్ని నాలుగేళ్ల మనవడు తిరిగే ఇంట్లో ఏ అటక మీదనో దాచాలి. లెక్కల మనిషికి ఈ ఒక్క కూడిక చాలింది. సీలు తీయని సీసాను దుకాణదారు గొణుగుకుంటూనే వెనక్కు తీసుకున్నాడు.

జూన్ మూడవ వారంలో వానలు పడ్డాయి. ఆ వెంటనే ఏమీ జరగలేదు. జులై మొదటివారం దాటిన తరువాత, రెండు వారాల లెక్క సరిపోయినట్లుగా, పిందెలు కనిపించాయి. ఆగస్టులో కొన్ని రోజులు వాన ఎడమిచ్చి ఎండ కాసినప్పుడు పూత మళ్లీ రాలసాగింది. ఈసారి తెల్లకాగితం మీద తునకలు పరుగెత్తాయి. పువ్వుల రేకుల మీద గోధుమరంగు గీతలు కూడా ఉన్నాయి. వేసవిలో లేని పురుగు ఇప్పుడు నిజంగా వచ్చింది.

పురుగు ఏదో తెలిసింది గనుక ఇంటి మందులే పనికివచ్చాయి. నీలిరంగు అట్టముక్కలకు ఆముదం పూసి మొక్కల తలల ఎత్తున కట్టారు. తామర పురుగుకు నీలం, తెల్లదోమకు, పేనుబంకకు పసుపు ఆకర్షణ. రాలిన పూలను ప్రతి ఉదయం ఏరి కట్టి పారవేశారు. ఎందుకంటే ఈ పురుగు మట్టిలోకి దిగి కోశదశ గడుపుతుంది, రాలిన పువ్వులో దాని సంతానం ఉండవచ్చు. అయిదు మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిగా కుంకుడు పులుసుతో గిలకొట్టి లీటరు నీటిలో కలిపి, సూర్యుడు దిగిన తరువాత ఆకుల అడుగుభాగం తడిసేటట్లు వారానికొకసారి చల్లారు. కుంకుడుకాయ లేని చోట మెత్తని ద్రవసబ్బు రెండు, మూడు చుక్కలు చాలు. మొదట రెండు ఆకుల మీద చల్లి, ఒకరోజు ఆగి, మాడకపోతేనే మొక్కంతా చల్లాలి. మధ్యాహ్నపు ఎండలో చల్లిన నూనె ఆకును వేయిస్తుంది. ఉదయం చల్లితే తేనెటీగకు చేటు.

కిందిముడత కనిపించి ఉంటే లీటరు నీటికి మూడు గ్రాముల నీటిలో కరిగే గంధకం వాడవలసి వచ్చేది. దానినీ చల్లని వేళనే చల్లాలి. వేపనూనె చల్లిన రెండు వారాలలోపు గంధకం ముట్టరాదు, రెండూ కలిస్తే ఆకు మాడుతుంది. పేనుబంకకు ఈ మాత్రం కూడా అక్కరలేదు. గొట్టంతో గట్టిగా నీరు కొడితే రాలిపోతుంది. కాని చీమల బారు మొక్క ఎక్కుతుంటే ముందు దాని సంగతి చూడాలి. పేనుబంక విసర్జించే తీపి కోసం చీమలు వాటిని పశువుల్లా కాచి పెంచుతాయి, అక్షింతల పురుగు దగ్గరికి వస్తే తరిమికొడతాయి. ఎర్రటి వీపు మీద నల్లచుక్కలుండే ఆ అక్షింతల పురుగును, దాని నల్లని ముళ్లముళ్ల పిల్లను పీడపురుగులనుకొని నలిపివేసేవారున్నారు. ఆ పిల్ల రోజుకు పదుల కొద్దీ పేనుబంకను తింటుంది.

పూత రాలకుండా ఉండేందుకు పొలాలలో ప్లానోఫిక్స్ అనే హార్మోను మందును మిల్లీలీటరుకు నాలుగున్నర లీటర్ల నీటి లెక్కన చల్లుతారు. అది ఆక్సిన్ జాతిదే, తొడిమను కొంతకాలం పట్టి ఉంచుతుంది. ఎకరాల లెక్కన పంట పండించేవారికి దాని ఉపయోగం ఉన్నది. పదకొండు కుండీలకు అది అనవసరం. మోతాదు కొంచెం పెరిగినా ఆకు ముడుచుకుంటుంది, అప్పుడు అది ఏ ముడతో మళ్లీ తేల్చుకోవలసి వస్తుంది.

సెప్టెంబరులో పదకొండింటిలో రెండు మొక్కలు గిడసబారి, ఆకులు బొబ్బలెత్తాయి. పెద్దమనిషి రెండు రోజులు వాటి చుట్టూ తిరిగారు. ఒకదానికి అప్పటికే పన్నెండు కాయలున్నాయి. మూడవ రోజు రెండింటినీ వేళ్లతో సహా పెరికి, గోనెసంచిలో మూటగట్టి పంపించివేశారు. మిగిలిన తొమ్మిది అక్టోబరులో, రాత్రులు చల్లబడిన కొద్దీ, కొమ్మలు వంగేటట్లు కాశాయి. మంచు, చలి లేని ప్రాంతాలలో మిరప ఒక్క ఏడాదితో చచ్చే మొక్క కాదు. కాపు ముగిసిన తరువాత కొమ్మలను జానెడెత్తుకు కత్తిరించి, పైమట్టి మార్చి ఎరువు వేస్తే రెండు, మూడేళ్లు కాస్తుంది. ఫిబ్రవరిలో కత్తిరించిన మొక్క మళ్లీ ఏప్రిల్‌లోనే పూస్తుంది కాబట్టి ఆ మొదటి పూతను లెక్కలోకి తీసుకోకుండా వదిలివేయాలి. వానల తరువాత వచ్చేదే కాపు.

డాబా మీద ఇప్పటికీ రోజుకు అయిదారు పూలు రాలుతూనే ఉన్నాయి. ఆయన వాటిని ఏరి పారవేస్తున్నారు. లెక్కపెట్టటం మాత్రం మానివేశారు.